జేబులో ఫ్యూజు

మా హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి రెండు టేకు డబ్బాలు నిలబడి ఉంటాయి. నడుం ఎత్తు ఉంటాయి. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళు వాటి మీద నీళ్ళ గ్లాసు పెట్టబోతారు, నేను వద్దని అరుస్తాను. అవి మా నాన్న, మా బాపు, తన చేత్తో చేసిన స్పీకర్లు. పక్కనే రేకు పెట్టెలో రెండు గాజు ట్యూబులతో ఒక ప్రియాంప్ ఉంది. పాట వచ్చే చోటికీ, స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్‌కూ నడుమ ఉండి, సన్నటి శబ్దాన్ని పెంచి, చక్కబరిచి అందించే పెట్టె అది. అదీ ఆయన చేసిందే. బాపు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ లేని పూట క్వార్టర్ వరండాలో కూర్చుని దానికి సోల్డరింగ్ చేస్తుంటే, పక్కన కూర్చుని సీసం వాసన పీల్చినందుకు నేను చాలాసార్లు మా అమ్మతో తిట్లు తిన్నాను. అవ్వ అనేవాళ్ళం ఆమెను.

రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పటికి అవ్వ పోయి ఏడాది. నస్పూర్‌లో మా ఇంటికి రమ్మన్నాను. అల్లుడి ఇంట్లో ఉండటమంటే బాపుకు తలకొట్టేసినట్టు ఉంది. "బోథ్ల మా తమ్ముడున్నడు. ఆడికి పోయి ఎవుసం జేసుకుంట" అన్నాడు. ఆయన జన్మలో నాగలి పట్టలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లలకు కూడా తెలుసు. పోట్లాడి తెచ్చుకున్నాను. వస్తూ ఒక మాట అన్నాడు.

"మీకు అడ్డం గానన్ని దినాలు ఉంట. అడ్డమైన నాడు నువ్వు చెప్పుడు అవసరం లేదు బిడ్డా, నేనే లేసిపోత."

ఆ మాట నా మనసులోంచి ఎప్పుడూ పోలేదు. అప్పుడు మా ఆయన దుబాయిలో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఇంట్లో నేనూ బాపే. పొద్దున నేను బడికి తయారవుతుంటే ఆయన ట్యూబులు వెలిగించి, అవి వేడెక్కేదాకా చాయ్ తాగి, అప్పుడు పాట పెట్టేవాడు. రెండేళ్ళు బాగానే గడిచాయి.

తర్వాత మా ఆయన దుబాయి వదిలేసి వచ్చేశాడు. మంచిర్యాలలో ఏసీల దుకాణం పెట్టుకున్నాడు. వస్తూ వస్తూ ఒక హోమ్ థియేటర్ సెట్టు తెచ్చాడు. అక్కడ నలుగురితో కలిసి ఒక్క గదిలో పడుకున్నన్నాళ్ళూ, సొంత హాల్లో కూర్చుని సినిమా చూడాలన్నది ఆయన కోరిక. ఆ పెట్టె పదిరోజులు విప్పకుండా మంచం పక్కనే ఉంది. ఎందుకంటే మా హాలు చిన్నది. టీవీ పక్కన ఒక జత స్పీకర్లకే చోటు, ఆ చోట్లో బాపువి ఉన్నాయి. "మీవి ఉండనీ మామా" అంటాడు ఈయన. "లే లే, నీదే పెట్టుకో" అంటాడు ఆయన. ఇద్దరూ అంత మర్యాదగా మాట్లాడుకుంటుంటే నాకు భయం వేసింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి బాపు ఒక్కడే ఒక టేకు డబ్బాను వరండాలోకి ఈడ్చుకుంటూ పోతున్నాడు. దాని తర్వాత ఆయన ట్రంకు పెట్టె కూడా అదే దారి పడుతుందని నాకు తెలుసు.

అందుకే రెండింటినీ కలిపేయాలన్నాను. బడిలో భౌతికశాస్త్రం చెప్పేది నేనే కదా. హోమ్ థియేటర్‌లో అసలు పెట్టె రిసీవర్. ముందు రెండు స్పీకర్లకు పోవాల్సిన శబ్దాన్ని బయటికి తీసుకునే రంధ్రాలు దాని వెనక ఉన్నాయి. అక్కడి నుంచి బాపు ప్రియాంప్‌లోకి, దాన్నుంచి బాపు యాంప్లిఫయర్‌లోకి, ఆ తర్వాత టేకు డబ్బాల్లోకి. మాటలు వినిపించే నడిమి స్పీకరు, వెనక స్పీకర్లు, గుమ్మనే బుడ్డ డబ్బా మా ఆయనవి. పాటలకు బాపు ట్యూబులు, సినిమాలకు అందరివీ. ఒక్కటే చిక్కు. ప్రియాంప్‌కూ రిసీవర్‌కూ వేరువేరు వాల్యూమ్ నాబ్‌లు ఉన్నాయి. రెండూ తిప్పుకుంటూ పోతే స్పీకర్లు చిరిగిపోతాయి. బాపు నా గోళ్ళరంగు అడిగి తీసుకుని ప్రియాంప్ మీద ఒక ఎర్రచుక్క పెట్టాడు. సినిమా పెట్టేటప్పుడు నాబ్ చుక్క మీద ఉండాలి, మిగతాదంతా రిమోటుతోనే. ఆ ఆదివారం మామా అల్లుళ్ళు ఇద్దరూ టీవీ వెనక బోర్లా పడుకుని వైర్లు పెడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

కాని ఒక చప్పుడు మిగిలిపోయింది. సినిమాలో మనుషులు మాట్లాడటం ఆపగానే వెనకాల సన్నగా గుయ్యిమని వినిపించేది. మా ఆయన ఆ చప్పుడు ట్యూబు పెట్టెదే అన్నాడు. బాపు మాట పడ్డవాడిలా నాలుగు రోజులు దాని చుట్టూ తిరిగి, ఆదివారం పెట్టె విప్పుతానన్నాడు.

ఇక్కడ బాయి పద్ధతి ఒకటి చెప్పాలి. కరెంటు లైను మీద పనికి దిగేవాడు ముందు ఫ్యూజు పీకి తన జేబులో వేసుకుంటాడు. స్విచ్చుకు తన నంబరు రాసిన చిట్టీ కడతాడు. ఆ చిట్టీ కట్టినవాడే విప్పాలి. పైఆఫీసరు వచ్చినా, బొగ్గు ఆగిపోయినా, ఇంకొకడు ముట్టుకోకూడదు. కింద చీకట్లో ఎవడి చెయ్యి తీగ మీద ఉందో పైనున్నవాడికి తెలియదు. బాపు ఇంట్లో బల్బు మార్చినా ఇంతే. పెళ్ళిపత్రికలు కత్తిరించి చిట్టీలు చేసేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి ఫ్యాను బాగుచేస్తూ మధ్యలో డ్యూటీ టైమై, ఇంటి ఫ్యూజు జేబులోనే వేసుకుని మొదటి షిఫ్టుకు పోయాడు. మే నెల. పక్కింటాయన వచ్చి తీగ చుట్టి కరెంటు ఇస్తానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. నన్ను తడిగుడ్డలో చుట్టుకుని, మూడింటికి బాపు వచ్చేదాకా విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

ట్యూబు పెట్టెకు ఇంకో కట్టుబాటు ఉంది. లోపల రెండు వందల వోల్టుల పైనే ఉంటుంది కాబట్టి ఒక్క కుడిచెయ్యే పెట్టాలి. ఎడమచెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఇది నేను బడిలో బోర్డు మీద బొమ్మగీసి చెబుతాను.

ఆ ఆదివారం కరీంనగర్ నుంచి మా బావగారు వాళ్ళు వస్తున్నారు. మా ఆయనకు అన్నంటే గౌరవం కన్నా భయం ఎక్కువ. మధ్యాహ్నం అన్నం తిని అందరూ సినిమా చూడాలని ఆయన వారం నుంచి అనుకుంటున్నాడు. బాపు పొద్దున్నే ప్రియాంప్‌ను పక్కకు ఒరిగించి అడుగు రేకు విప్పాడు. ట్యూబులు గోడ వైపు ఉన్నాయి, వెలిగినా ఇటు కనబడవు. స్విచ్చు ఆపి, వెనక బిళ్ళ తిప్పి ఫ్యూజు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చిట్టీ కట్టాడు. ప్లగ్గు మాత్రం పీకడు, ప్లగ్గుతో పాటు ఎర్తు కూడా పోతుందని. లోపల నిలిచిన కరెంటు దిగాలి కదా, ఆలోగా పాత దోస్తు ఇంటికి పోయి బయటి చప్పుడు చొరకుండా జాలీ చుట్టిన వైరు తెస్తానని బయల్దేరాడు.

ఆయన అటు పోగానే మా ఆయన కోడికూర సంచీతో వచ్చి టీవీ పెట్టాడు. నడిమి స్పీకరులో మాటలు వచ్చాయి. ముందు స్పీకర్లు మూగవి.

"ఇదేంది?"

"బాపు ఫ్యూజు తీసిండు. వచ్చి పెడ్తడు."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు."

ఆయన అరవడు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, అక్కడితో అయిపోయేది. సోఫాలో కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "నా సెట్టు నడవాల్నంటే మీ బాపు జేబు అడగాల్నా? గంతదూరం నుంచి తెచ్చిన. ఇయ్యాల మా అన్న ముంగట గిట్ల మూగది చూపియ్యాల్నా?"

ఫోను మోగింది. పెద్దపల్లి దాటామని బావగారు.

"ఒక పని చేద్దాం" అన్నాడు మా ఆయన ఫోను పెట్టేసి. "గా డబ్బాలు తీసేద్దాం. నా స్పీకర్లు పెడ్త. మామ పాటలు మామ తన అర్రల ఇనుకుంటడు. అందరికీ మంచిది."

అందులో తప్పేమీ లేదు. తప్పేమీ లేకపోవడమే నన్ను వణికించింది. బాపు వచ్చేసరికి ఆయన డబ్బాలు గోడవారకు జరిగి ఉంటే ఒక్క మాట కూడా అనడు. నవ్వి, రేపు పొద్దున బోథ్ బస్సు ఎక్కుతాడు. "స్నానం చేసి రా, అప్పటిదాకా చూద్దాం" అని ఆయన్ను పంపించి పెట్టె దగ్గర కూర్చున్నాను.

పాత చార్జరు వైరు కోసి ఒక్క రాగి పోగు తీశాను. ఫ్యూజుకు బదులు దాన్ని బిళ్ళలో మడిచి పెట్టాను. స్విచ్చుకు కట్టిన చిట్టీ దారం మూడు చుట్లు ఉంది. విప్పుతుంటే వేళ్ళు ఒకసారి ఆగాయి. బాపు వచ్చేలోపల మళ్ళీ తీసేస్తాను కదా అనుకున్నాను. చిట్టీని పోపుల డబ్బాలో పడేసి స్విచ్చు వేశాను. అవ్వ ఒక పగలంతా ఆగింది. నేను పావుగంట ఆగలేదు.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి స్పీకర్లు మోగుతున్నాయి. గుయ్యిమనే చప్పుడు కూడా అలాగే ఉంది, కాని ఆయన పట్టించుకోలేదు. ఏదో పోట్లాట సీను పెట్టి ఐదు నిమిషాలు చూసి, మొహం వెలిగిపోయి, రిమోటు నొక్కి ఆపేసి అన్నకు ఎదురెళ్ళడానికి బండి తీశాడు.

రిమోటు నొక్కితే రిసీవర్ ఆగుతుంది, టీవీ ఆగుతుంది. ప్రియాంప్‌కు రిమోటు లేదు. అది నడుస్తూనే ఉంటుంది. ఇది ఆ రెండింటినీ కలిపిన నాకు తెలియాలి. హాలు నిశ్శబ్దమైపోయింది, నా ధ్యాస కూర మీదికి పోయింది. అల్లం నూరాను. బియ్యం కడిగాను. కుక్కర్ మూత పెట్టాను.

హాల్లో పీట జరిగిన చప్పుడు విన్నాను.

మా ఆయన ఇంకా రాలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. వెనక వాకిట్లో చూస్తే బాపు చెప్పులు ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని పెరటి వైపు నుంచి లోపలికి పోయాడని నాకు అర్థమవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. "బాపూ, ముట్టకు" అని అరిచాననుకున్నాను. ఉరికాను.

పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి చొక్కా జేబులో ఉంది. కుడిచేత్తో, లోపల మిగిలిన కరెంటు దింపడానికి ఒక వైరును కెపాసిటర్‌కు ఆనించబోతున్నాడు. అంటే చేయాల్సిన పనే చేస్తున్నాడు, ఫ్యూజు జేబులో ఉందన్న ధైర్యంతో స్విచ్చుకు చిట్టీ లేదని చూడలేదు. నేను గుమ్మంలో ఉండగానే చిటుక్కుమంది. ఆయన చెయ్యి వెనక్కి ఎగిరింది. పీటతో సహా వెల్లకిలా పడ్డాడు.

మెయిను ఆపాను. ఆపి, ఆయన దగ్గరికి పోయేముందు, ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఫ్యూజు బిళ్ళ తిప్పి రాగి పోగు తీసి కొంగున ముడేసుకున్నాను. చేతులు వాటంతట అవే చేశాయి. తర్వాత తల పట్టి లేపాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. రెండు వేళ్ళ కొనలు తెల్లగా కాలాయి. ఊపిరి ఆడుతోంది. ఎడమచెయ్యి ఇంకా జేబులోనే ఉంది. మెల్లగా బయటికి తీసి పిడికిలి విప్పాడు.

"ఫ్యూజు నా తాననే ఉన్నది బిడ్డా" అన్నాడు. భయపడ్డట్టు లేదు. లెక్క తప్పిన పిల్లవాడిలా నా మొహంలోకి చూశాడు.

అప్పుడే మా ఆయన, బావగారు వాళ్ళు వచ్చారు. మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా వచ్చి బాపును ఎత్తుకున్నాడు. వద్దంటున్నా వినకుండా బండి మీద పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. గంట తర్వాత తెచ్చాడు. గుండెకు ఏమీ కాలేదు, వేళ్ళకు మలాము రాశారు. ఒక చెయ్యి జేబులో ఉండటం వల్ల బతికాడని డాక్టర్ అన్నాడట.

సినిమా ఎవరూ పెట్టలేదు. బాపు గోడకు ఆనుకుని కూర్చుని ఆలోచిస్తున్నాడు. తన డబ్బీలో విడి ఫ్యూజులు ఉంటాయి. వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు. "గిండ్ల ఎన్నుండెనో యాదికొస్తలేదు. ఒకటి తీసి జేబులేసుకుని, ఇంకోటి పెట్టి మర్శిపోయిన్నేమో. చిట్టీ గూడ కట్టలేనట్టున్నది."

"ఐతది మామా" అన్నాడు మా ఆయన. ఆయన గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. "వయసు మీద పడ్డది. ఇగ గిసొంటియి ముట్టకుండ్రి. ఏమున్నా నేను చూసుకుంట."

బావగారు కూడా అవునన్నారు. తమకు తెలిసిన ఒకాయన గ్యాసు బంద్ చేయడం మరిచిపోయిన సంగతి చెప్పారు. నేను అన్నం వడ్డిస్తున్నాను. కొంగు ముడిలో రాగి పోగు నడుముకు గుచ్చుకుంటోంది. చెప్పాలి. ఇప్పుడు చెబితే బావగారి ముందు మా ఆయన పరువు పోతుంది. రాత్రికి చెబుదాం. రేపు చెబుదాం. అన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. బాపుకు ఎడమచేత్తో తినడం రావడం లేదు.

తిన్నాక స్క్రూడ్రైవర్లున్న తోలుసంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"మతి తప్పినోడు కరెంటు జోలికి పోవద్దు. నలుగురున్న ఇంట్ల అస్సలు ఉండొద్దు. నా చేతుల నువ్వే చస్తివో, ఇంకెవలన్న చస్తిరో. రేపు బోథ్ పోత."

మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. బాపు వినలేదు. నా వైపే చూస్తూ చిన్న గొంతుతో అడిగాడు.

"బిడ్డా, పొద్దుగాల నేను చాయ్ పెట్టుకుని పొయ్యి బంద్ జేసిన్నా?"

చేశాడు. ఎప్పుడూ చేస్తాడు. మా ఇంట్లో పొయ్యి మరిచేది నేను. లేచి వంటింట్లోకి పోయి పోపుల డబ్బా తెచ్చాను. ఆవాల్లోంచి చిట్టీ తీసి ఆయన ముందు పెట్టాను. కొంగు ముడి విప్పి రాగి పోగు దాని పక్కన పెట్టాను.

"నువ్వు కట్టినవ్ బాపూ. నేను ఇప్పిన. తీగ పెట్టింది నేనే. ఆయనకు తెల్వదు."

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను పక్కకు తిరిగినా తగిలింది. బాపు చిట్టీని వెలుతురుకు పట్టుకుని తన నంబరు చదువుకున్నాడు.

"అంటే నేను మర్శిపోలే."

"మర్శిపోలే."

"చిట్టీ కట్టిన."

"కట్టినవ్ బాపూ. మూడు చుట్లు."

కళ్ళ నీళ్ళు బొటబొటా కారాయి. అవ్వ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యిలో కోపం ఉందని నాకు వెంటనే తెలిసింది. నాకూ ఏడుపు వచ్చింది. ఆయన బతికినందుకూ, నన్ను రానివ్వనందుకూ కలిపి.

"నేను లైను మీదున్నన్ని ఏండ్లల్ల ఒక్కడు నా చిట్టీ ముట్టలే" అన్నాడు.

బోథ్ పోలేదు. కాని వారం రోజులు నాతో అన్నం, నీళ్ళు తప్ప వేరే మాట లేదు. మా ఆయన కూడా పెద్దగా మాట్లాడలేదు. వింత ఏమిటంటే ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఈయన రోజూ మలాము రాసేవాడు. రాస్తూ, ఏసీలు బాగుచేసేటప్పుడు తానూ ఒకసారి ఇలాగే ఎగిరిపడ్డ సంగతి చెప్పాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం బాపు ప్రియాంప్ ముందు పీట వేసుకుని, "అల్లుడా, జర ఇట్ల రా" అన్నాడు. కొత్త చిట్టీ కట్టాడు. ఫ్యూజు పీకాడు. అలవాటు కొద్దీ జేబు దాకా పోయిన చెయ్యి ఆగింది. ఆ ఫ్యూజును మా ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"నా జేబుల ఉంటే సాలదని తెలిసింది. నువ్వు పెట్టుకో. నేను అడిగేదాక ఎవ్వలకియ్యకు. నా బిడ్డ అడిగినా సరే."

నేను అక్కడే ఉన్నాను, చాయ్ గ్లాసులు పట్టుకుని.

ఆ చప్పుడు ట్యూబు పెట్టెది కానే కాదని ఆ రోజే తేలింది. పెట్టెలో ఏ తప్పూ దొరక్క మళ్ళీ బిగించి నడిపిస్తే గుయ్యిమంటూనే ఉంది. టీవీ జరుపుతుంటే కేబుల్ వైరు ఊడింది, చప్పుడు ఆగింది. పెడితే వచ్చింది, పీకితే పోయింది. ఎక్కడో వీధి చివరి నుంచి ఆ తీగ వెంట వస్తోంది అది. నేను పది నిమిషాలు కూర్చుని ఒక్కొక్క వైరే పీకి చూసినా తెలిసేది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున పాటలు, ఆదివారం సినిమా. నాబ్‌ను ఎర్రచుక్క మీదికి తిప్పడం మా ఆయన ఎప్పుడూ మరిచిపోడు. నేను కోరుకున్నదంతా జరిగింది.

మొన్న ఒక ట్యూబు మార్చాల్సి వచ్చింది. పెట్టె విప్పాలి. మా ఆయన ఏసీ పని మీద లక్సెట్టిపేట పోయాడు. నాకు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. "నాకియ్యి బాపూ, నేను పట్టుకుంట" అన్నాను. బాపు నా మొహం చూడలేదు. "అల్లుడు రానీ బిడ్డా, తొందరేమున్నది" అన్నాడు. ఇద్దరం పెట్టెకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. మా ఆయన మూడింటికి వచ్చాడు.